రెండు చేతుల తంత్రీవాదనము

అమలాపురములోనో, రాజోలులోనో, కొత్తపేటలోనో ఒక పిల్లవాడు ఎలక్ట్రిక్ గిటారు కొని తెచ్చుకొనెననుకొందము. కొన్ని నెలలు మామూలు పద్ధతిని నేర్చిన పిమ్మట, ఒకనాడు వాడు తీగను మీటుట మాని, కుడిచేతిని గూడ మెట్లమీదికి తెచ్చి, రెండు చేతుల వ్రేళ్ళతో తీగలను తట్టనారంభించును. వరండాలోని తాతగారికి అది వాద్యముతో పరాచకమాడినట్లుండును. ట్యాపింగ్ అనబడు ఈ పద్ధతి సంగీతమా, గారడియా? పిల్లవానిని ప్రోత్సహింపవలెనా, వారింపవలెనా? మేము నేడు ముచ్చటింపదలచినది దీనిని గూర్చియే.

ఇది నిన్న మొన్న పుట్టినది కాదు. 1952లోనే అమెరికాలో జిమ్మీ వెబ్‌స్టర్ అను గిటారు విద్వాంసుడు దీనిని బోధించు పుస్తకమును వెలువరించెను. 1978లో ఎడ్డీ వాన్ హేలెన్ ‘ఎరప్షన్’ అను చిన్న వాద్యఖండికతో దీనిని లోకమంతట చాటెను. ఆయన వేగమును చూచి యువకులు మురిసిరి. స్టాన్లీ జోర్డన్ అటుల గాక, ఒకచేత రాగమును, వేరొకచేత దానికి తోడు స్వరములను ఒకే గిటారుపై నెమ్మదిగా పలికించెను. మా అభిరుచి ఈ రెండవవానివైపే మొగ్గును.

వీణ నెరిగిన ఇండ్లకు ఇందు సగము కొత్త గాదు. ఒక్క మీటు మీటి, ఎడమచేతి వ్రేళ్ళతోనే రెండు మూడు స్వరములు పలికించుట ద్రాక్షారామమున జన్మించిన ఈమని శంకరశాస్త్రి వీణను విన్నవారికి తెలియనిదా? ఆ మొదటి మీటు పనిని గూడ వ్రేలికొనయే చేయుట ఇక్కడి విశేషము. వ్రేలి తాకిడికి తీగ కంపించును గాని, ఆ నాదము మిక్కిలి సన్నము. కొయ్య గిటారుపై అది పక్కగదికి వినబడదు. ఎలక్ట్రిక్ గిటారులో ఉక్కుతీగ క్రింద అయస్కాంతమును, దానిచుట్టు రాగితీగ చుట్టయు ఉండును. తీగ కదలినంతనే చుట్టలో స్వల్పమైన విద్యుత్తు పుట్టును. ఆంప్లిఫయరు దానిని పెంచి వినిపించును. వ్రేలికి గొంతు నిచ్చినది విద్యుత్తే.

విద్యుత్తుచే వాద్యమునకు కొత్త పలుకు వచ్చుట మన పొరుగుననే జరిగినది. చించినాడ వంతెన దాటిన పిమ్మట వచ్చు పాలకొల్లులో 1969లో ఉప్పలపు శ్రీనివాస్ జన్మించెను. జంటతీగల మాండొలినుపై నాదము నిలువదు, గమకము పలుకదు అని పెద్దలనిరి. ఆయన ఎనిమిది తీగలను విడిచి, ఐదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండొలినును చేపట్టెను. గురువు రుద్రరాజు సుబ్బరాజుగారికి మాండొలిను వాయించుట రాదు. వారు పాడుచుండ, శిష్యుడు విని వాయించెడివాడు. 1978లో గుడివాడ త్యాగరాజారాధనలో తొలి కచేరి జరిగెను. ఆయన వాయించినది ట్యాపింగ్ కాదు. ఐనను, చేతికన్న ముందు చెవిని సిద్ధపరచిన ఆ శిక్షణ మన గిటారు పిల్లవానికి అత్యవసరము.

ఇక సాధన. సన్నని మొదటి తీగపై ఎడమ చూపుడువ్రేలిని ఐదవ మెట్టున ఉంచవలెను. కుడి నడిమివ్రేలితో పండ్రెండవ మెట్టున తట్టి, వ్రేలిని నిట్టనిలువుగా ఎత్తక, ఒకింత ప్రక్కకు లాగి వదలవలెను. అపుడు ఐదవ మెట్టు స్వరము తనంతట పలుకును. వెంటనే ఎడమ చిటికెనవ్రేలితో ఎనిమిదవ మెట్టున తట్టవలెను. ఐదవ మెట్టును షడ్జముగా నెంచినచో వినబడునది ప-స-గ, గాంధారము సాధారణము. తకిట, తకిట అని తిశ్రగతిలో ఇది సాగవలెను. నిమిషమునకు అరువది దెబ్బలు, దెబ్బకొక తకిట చాలును. ఇంటిలో తాళము వేయువారొకరున్న మెట్రోనోముతో పనిలేదు. తాతగారే ఆ పనికి కూర్చుండినచో మరింత మేలు!

తట్టనితీగలు గూడ అనుకొనకయే మ్రోగుట ఇందలి పెద్ద చిక్కు. తొలినాళ్ళలో మెడ మొదట, తీగలు బయలుదేరు చోట, జుట్టు కట్టుకొను పట్టీ నొకదానిని చుట్టినచో ఆ రొద అణగును. గరగరలాడు కృత్రిమధ్వనిని పెంచుకొని సాధన చేయుట మాత్రము మాకు సమ్మతము గాదు. అది ప్రతి లోపమును కప్పివేయును. గాలివాన రాత్రి కరెంటు పోయినపుడు, ఆంప్లిఫయరు లేకయే గిటారును చెవిచెంత నుంచుకొని తట్టి చూచినచో, ఏ వ్రేలు బలహీనమో తేటతెల్లమగును.

తాతగారి ఆక్షేపణలో కొంత నిజము లేకపోలేదు. తట్టిన స్వరము మొండిగా నిలుచును. తోడి రాగపు గాంధారమునకు కావలసిన ఊగు దానికి సులభముగా రాదు. కుడివ్రేలు తట్టి నొక్కియుంచగా ఎడమచేయి తీగను వంచి కొంత గమకము తేవచ్చును గాని, అది ఏండ్ల పని. అందుచే మొదటనే వర్ణములను పట్టక, ముత్తుస్వామి దీక్షితులు పాశ్చాత్యపు మెట్లననుసరించి శంకరాభరణ స్వరములలో రచించిన నొట్టుస్వరములను ఎన్నుకొనుట యుక్తము. అవి గమకములు లేని సూటి స్వరములు. కుడిచేత ఆ వరుసను తట్టుచు, ఎడమచేత బొంతతీగపై షడ్జ పంచమములను మాత్రము నిలుపవలెను. ఒక్కొక్క పాదమును ముందు నోటితో పాడి, పిదప తట్టవలెను.