ఓట్ల లెక్కింపు వార్త



శాసనసభ ఎన్నికల ఓట్లు లెక్కించు దినమున పల్లెలయందు కలుగు కోలాహలము మీరెరిగినదే. ప్రొద్దెక్కకమునుపే ఒక వీధిలో టపాకాయలు పేలును. మధ్యాహ్నమునకు అవి యాగి, వేరొక వీధిలో మొదలగును. చీకటి పడునప్పటికి ఇరుగుపొరుగు వారికి మాటలుండవు. ఈ వైరమునకు ఓట్లకంటె వార్త చెప్పువారి తొందరయు, వినువారి తొందరయు ఎక్కువ కారణమని నా తలంపు. కావున ఆ వార్తను విలేఖరి యెట్లు వ్రాయవలెనో, మన మెట్లు చదువవలెనో నేడు మనవి చేసెదను.

లెక్కింపు ఉదయము 8 గంటలకు తపాలా ఓట్లతో ఆరంభమగును. అరగంట పిమ్మట యంత్రముల లెక్క మొదలిడుదురు. సాధారణముగా నొక నియోజకవర్గమునకు 14 బల్లలు వేయుదురు. బల్ల కొక పోలింగు కేంద్రపు యంత్రము చొప్పున 14 కేంద్రముల లెక్క ముగిసినచో నొక రౌండు. కేంద్రములు 280 ఉన్నచో 20 రౌండ్లగును. యంత్రములను కేంద్రముల వరుస సంఖ్యను బట్టి తెత్తురు గనుక, తొలి రౌండు తరచుగా నొక మూలనున్న పల్లెల లెక్కయే. ఆ మూల అభ్యర్థి స్వగ్రామ ప్రాంతమైనచో నతనికి ఆధిక్యము కలుగుటలో వింత యేమున్నది?

స్థాలీపులాక న్యాయమని మన శాస్త్రకారులు చెప్పుదురు. ఒక్క మెతుకు పట్టి చూచి కుండలోని యన్నమంతయు ఉడికినదని తెలిసికొనుట యని దాని భావము. కాని యది యొకే కుండలో, ఒకే మంటపై ఉడికిన బియ్యమునకే చెల్లును. ఊరూరికి కుండ వేరు, మంట వేరు. ఒక రౌండు చూచి నియోజకవర్గమును, ఒక నియోజకవర్గము చూచి రాష్ట్రమును నిర్ణయించు విలేఖరి ఈ భేదమును మరచినవాడు.

పిల్లలకు వ్యాకరణము చెప్పినవాడను గనుక నొక్క మాట. లెక్క సాగుచుండగా "ముందున్నాడు" అని వర్తమానమే వాడవలెను. రిటర్నింగు అధికారి ఫలితము ప్రకటించిన పిమ్మటనే "గెలిచెను" అను భూతకాలము తగును. 2004లో కర్ణాటక శాసనసభకు సంతేమరహళ్లి స్థానమున ఒకే యొక్క ఓటు తేడాతో గెలుపోటములు తేలినవి. అట్టిచోట కడపటి యోటు లెక్కింపకమున్ను "గెలిచెను" అని వ్రాయుట యెంత సాహసము!

ఇక రెండవ విషయము. స్థానముల సంఖ్య వేరు, ఓట్ల సంఖ్య వేరు. 1955లో ఆంధ్ర రాష్ట్రపు ఎన్నికలలో 196 స్థానములకు గాను కమ్యూనిస్టు పక్షమునకు వచ్చినవి 15 మాత్రమే. కాని నూటికి 31 ఓట్లు వారివే. మన ఆంధ్రప్రదేశ శాసనసభలో 175 స్థానములు గలవు. 2019లో తెలుగుదేశమునకు నూటికి 39 ఓట్లు వచ్చియు స్థానములు 23 మాత్రమే. 2024లో వై.యస్.ఆర్. కాంగ్రెసునకును నూటికి 39 ఓట్లే; స్థానములు 11. ఇందులో మోసమేమియు లేదు. ప్రతి నియోజకవర్గమునందును ఎక్కువ ఓట్లు వచ్చినవాడే గెలుచునని చట్టము. తక్కినవారి ఓట్లు ఎన్ని యున్నను స్థానములుగా మారవు.

అట్లగుటచే "తుడిచిపెట్టుకొని పోయినారు" అను శీర్షిక స్థానముల మట్టుకు నిజమే కావచ్చును. ఊరిమాటగా చూచిన నది నిజము కాదు. పదుగురిలో నలుగురు ఆ పక్షమువారై యింకను మన మధ్యనే యున్నారు. వారి పశువులును మన పశువులును ఒక్క చెరువుననే నీరు త్రాగును. రేపు కాలువ పూడిక తీయుటకు వారును పార పట్టవలసినవారే. స్థానములతోపాటు ఓట్లను కూడ ప్రకటించు విలేఖరి ఈ సత్యమును జ్ఞాపకము చేయుచున్నాడు. దానిని విడిచినవాడు తెలియకయే కలహమునకు నిప్పందించుచున్నాడు.

రచ్చబండ దగ్గర పత్రిక చదివి వినిపించు పెద్దలకు నా మనవి. ఇది యెన్నవ రౌండు? ఇంకను ఎన్ని కలవు? ఫలితము ప్రకటించినారా? ఓడినవారికి వచ్చిన యోట్లెన్ని? ఈ నాలుగింటికి జవాబు చూచి పిమ్మట పైకి చదువుడు. జవాబు లేనిచో "ఇందులో చెప్పలేదు" అని యా మాటయే చెప్పుడు. వినువారు కొంతసేపు ఓపిక పట్టుదురు. టపాకాయలు సాయంకాలమువరకు ఆగిన చెడిపోవు.