నిత్యవ్యవహారమునకు ఏ బ్రౌజరు?

(పఠనమందిర సభలో మేము గావించిన యుపన్యాస పాఠము)



నేడున్న బ్రౌజరులలో నేది మేలైనదో చెప్పుడని సభవారు మమ్ము కోరిరి. ఇంటర్నెట్టులోని పుటలను దెచ్చి మన కన్నులయెదుట బెట్టు సాధనమే బ్రౌజరు. దానికి విహారిణి యని యింపైన పేరు గొందరు పెట్టిరి గాని, వాడుకలో బ్రౌజరనియే నిలిచినది. మేమును వాడుకనే యనుసరింతుము. అయితే ఏది మేలను ప్రశ్నకు ముందు మరియొక ప్రశ్న గలదు. ఇప్పుడు మీరు వాడుచున్నదానిని మీరే యెన్నుకొంటిరా? మనలో బెక్కుమంది యెన్నుకొనలేదు. ఫోనుతో వచ్చినదానినే వాడుకొనుచున్నాము.

ఈ యుపేక్ష చిన్నసంగతిగా దోచవచ్చును. దాని వెల యెంతయో కంపెనీలకు దెలియును. ఆపిల్‌వారి సఫారీలో దన శోధనయంత్రమే మొదట నిలుచుటకై గూగుల్ సంస్థ 2022వ సంవత్సరమొక్కదానికే 2,000 కోట్ల డాలర్లు చెల్లించినట్లు అమెరికా న్యాయస్థానమున వెల్లడియైనది. మొదట నున్నదానిని జనులు మార్చరను ధీమా లేకున్నచో, ఇంత ధన మెవ్వ రిత్తురు?

పూర్వకథ కొంత చెప్పక తప్పదు. 1990లో టిమ్ బెర్నర్స్-లీ జెనీవా చెంత సెర్న్ సంస్థలో మొదటి బ్రౌజరును వ్రాసెను. 1993లో ఇల్లినాయి విశ్వవిద్యాలయమున బుట్టిన మొజాయిక్ దానిని సామాన్యుల కందిచ్చెను. ఆ వెనుక నెట్‌స్కేప్ ప్రబలెను. మైక్రోసాఫ్టువారు 1995లో ఎక్స్‌ప్లోరరును దెచ్చి, తమ విండోసుతో గలిపి యూరక యీయ జొచ్చిరి. 1998లో అమెరికా ప్రభుత్వము దావా తెచ్చెను గాని, తీర్పులు వెలువడునప్పటికే నెట్‌స్కేపు చితికిపోయెను. పిమ్మట నూటికి తొంబదిమందికి బైగా ఎక్స్‌ప్లోరరునే వాడు దినములు వచ్చినవి. అప్పు డేమి జరిగినది? దాని యారవ కూర్పు 2001లో వెలువడెను. ఏడవ కూర్పు 2006 దాక రాలేదు. ఐదేండ్లు! పోటీదారుడు లేనిచోట పనివాడు కునుకు తీసెను.

ఆ కాలమున దెలుగు పాఠకుడు పడిన పాట్లు మీలో నడివయస్సు దాటినవారికి జ్ఞప్తియుండును. మన పత్రికలు పెక్కు యూనికోడును గాక దేని కది తన సొంత ఫాంటును వాడెడివి. పుటలు ఎక్స్‌ప్లోరరు నుద్దేశించి కూర్చినవగుటచే నందు దెలుగుగాను, తక్కినవానిలో నర్థములేని గీతలుగాను గనబడెడివి. 2004లో ఫైర్‌ఫాక్స్ వచ్చెను. అది తన బ్రౌజరునకు బయటివారు పొడిగింతలు, అనగా ఎక్స్‌టెన్షన్లు, చేర్చుటకు వీలు కల్పించినది. ఆ వీలుతో బుట్టిన ‘పద్మ’ యను పొడిగింత పత్రికల సొంత ఫాంటులను యూనికోడు తెలుగుగా మార్చి చూపెను. పత్రికలు మారకమునుపే పాఠకునికి దారి దొరికినది. రెండవ బ్రౌజరొకటి బ్రతికియుండుటచే గలిగిన ఫలమిది. దీనిని మేము చిన్నదిగా నెంచము.

ఇక నేటి సంగతి. అంగడి నిండ బేర్లు గలవు: క్రోమ్, ఎడ్జ్, ఒపేరా, బ్రేవ్, వివాల్డి, శామ్‌సంగ్ ఇంటర్నెట్. మూత యెత్తి చూచిన నన్నిట నొకటే యంత్రము. అది గూగుల్ ప్రధానముగా నడపు క్రోమియము. ఒపేరా తన సొంత యంత్రమును 2013లోను, మైక్రోసాఫ్టు తనదానిని 2020లోను విడిచి దీనినే యాశ్రయించినవి. మన దేశమున జోహో సంస్థ 2023లో ఉలా యను బ్రౌజరును వెలువరించి, భారత ప్రభుత్వము నడిపిన పోటీలో 2025లో ప్రథమ బహుమతి నందినది. సంతసింపదగినదే. అయినను అందును లోపలిది క్రోమియమే. బట్ట మనవారు నేసినను మగ్గము పరులది. క్రోమియము గాక మిగిలిన ముఖ్యయంత్రములు రెండే: ఆపిల్‌వారి వెబ్‌కిట్, ఫైర్‌ఫాక్స్‌లోని గెకో. మన దేశపు ఐఫోనులలో బైన నే పేరున్నను లోపల వెబ్‌కిట్టే పనిచేయును.

యంత్రమొకటే యైన నష్టమేమని యడుగుదురు. ఒక్క యుదాహరణము చాలును. ప్రకటనలను, వెంబడించి మన జాడ దీయు సాధనములను ఆపుటకు యూబ్లాక్ ఆరిజిన్ అను పొడిగింత ప్రసిద్ధము. పొడిగింతల నియమములను గూగుల్ మార్చుటచే, 2024 మొదలు క్రోములో నది క్రమముగా నిలిచిపోయెను; శక్తి తగ్గిన ‘లైట్’ కూర్పే మిగిలినది. భద్రతకై చేసితిమని వారందురు. అందు గొంత నిజమును గలదు. కాని ప్రకటనలే జీవనాధారమైన సంస్థయే ప్రకటనలనాపు పనిముట్లకు హద్దులు గీయుట యెట్టిదో సభవారే యోచింతురుగాక. బ్రేవ్ వంటివి తమలోనే యట్టి యడ్డు నమర్చుకొన్నవి. ఫైర్‌ఫాక్సులో బాత యూబ్లాక్ యథాతథముగా బనిచేయుచున్నది.

వేగమును గూర్చి యెక్కువ చెప్పము. నిత్యపు బనులలో నీ భేదము కంటి కానదు. ఆపిల్ కంప్యూటరు గలవారికి సఫారీ బ్యాటరీని పొదుపుగా వాడును. ఎడ్జ్ పుటలను జదివి వినిపించుటలో నేర్పరి, కాని తన్నే వాడుమని మాటిమాటికి బ్రతిమాలును.

మా యభిప్రాయము: నిత్యమునకు ఫైర్‌ఫాక్స్, అందు యూబ్లాక్ ఆరిజిన్. ఆండ్రాయిడ్ ఫోనున నీ భేదము మరింత స్పష్టము; క్రోము అచట పొడిగింతలనే చేర్చుకొననీయదు, ఫైర్‌ఫాక్స్ చేర్చుకొననిచ్చును. డేటాను గొలిచి కొనువారికి ప్రకటనల బరువు తగ్గుట లాభమే.

దీనికి లోపములు లేకపోలేదు. క్రోములో మాత్రమే పరీక్షించి విడిచిన వెబ్‌సైట్లు కొన్ని ఫైర్‌ఫాక్సులో మొరాయించును. అందుకై క్రోమియపు జాతి బ్రౌజరు నొకదానిని గూడ నుంచుకొనుడు. అంతకంటె బెద్ద లోపము ధనమునకు సంబంధించినది. ఫైర్‌ఫాక్సును నడపు మొజిల్లాకు రాబడిలో నధికభాగము గూగులే యిచ్చుచున్నది, శోధనయంత్రపు స్థానమునకై. 2024లో శోధనయందు గూగుల్ అక్రమ గుత్తాధిపత్యము నెరపినదని తీర్పు చెప్పిన న్యాయమూర్తి, 2025 సెప్టెంబరులో క్రోమును విక్రయింప బనిలేదనెను. ఏకస్వపు టొడంబడికలను నిషేధించియు, చెల్లింపులను మాత్రము నిషేధింపలేదు. ప్రతిపక్షము ప్రభువు పెట్టు భిక్షపై బ్రతుకుచున్నదన్నమాట. అయినను వాడువారే లేకపోయిన నా భిక్షయు నుండదు.

చివరకు ఈ మందిరపు కంప్యూటరును గూర్చి. ఇచట మీ ఖాతాతో బ్రౌజరులో బ్రవేశింపవలదు. పాస్‌వర్డును దాచుదునా యని యడిగిన వలదనుడు. ప్రైవేటు కిటికీ తెరచి, పనియైన పిదప మూసి లేవుడు. అది మీ తరువాత కూర్చుండువానినుండి మీ చరిత్రను దాచును గాని, వెబ్‌సైటునుండి గాని నెట్టు నిచ్చువానినుండి గాని దాచదు. ఇన్కాగ్నిటో వాడినవారిని గూర్చి సేకరించిన సమాచారమును ధ్వంసము చేయుటకు గూగుల్ 2024లో నొక దావా రాజీయందు సమ్మతింపవలసివచ్చెను.

పాత బ్రౌజరులోని గుర్తులను, పాస్‌వర్డులను క్రొత్తదానిలోనికి దెచ్చుకొను విధము తెలియగోరువారు తమ ఫోనులతో ముందుకు రండు, ఇప్పుడే చూపెదము.