మన ఇళ్ళలోని కంప్యూటర్లు – లినక్స్

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మాకిచ్చిన విషయం కంప్యూటరు. "మన సభలో కంప్యూటరు ముచ్చటెందుకు, పిల్లల చదువు గురించి నాలుగు మాటలు చెప్పరాదా" అని ఒక పెద్దాయన అన్నారు. పెద్దల మాట మాకు శిరోధార్యమే. అయితే ఈ రోజుల్లో ఆ రెండూ వేరువేరు విషయాలు కావు. అడ్మిషను దరఖాస్తు, స్కాలర్‌షిప్పు దరఖాస్తు, హాల్ టిక్కెట్టు, ఫలితాలు, అన్నీ తెరమీదనే గదా. ఫోనులో అవుతుంది కదా అంటారు. అవుతుంది. కాని ఇరవై పేజీల ప్రాజెక్టు రిపోర్టు ఫోనులో కొట్టమంటే ఆ పిల్ల కళ్ళు ఏమైపోవాలి?

2020లో కరోనా వచ్చి బడులు మూతపడినప్పుడు మన ఇళ్ళలో చాలామంది అప్పో సప్పో చేసి కంప్యూటర్లు కొన్నారు. అందులో ఎక్కువ భాగం సెకండ్ హ్యాండువి, ఏ ఆఫీసులోనో వాడి తీసేసినవి. వాటిలో విండోస్ 10 ఉన్నది. దాన్ని తయారుచేసిన మైక్రోసాఫ్ట్ కంపెనీ 2025 అక్టోబరు 14తో దానికి మామూలుగా ఇచ్చే మద్దతును ఆపివేసింది. మద్దతు అంటే, కనిపెట్టిన లోపాలను ఎప్పటికప్పుడు పూడ్చడం. ఇళ్ళలో వాడేవారికి భద్రతా మరమ్మతులు మరో ఏడాది, అంటే 2026 అక్టోబరు దాకా, అందే ఏర్పాటు ఒకటి పెట్టారు గాని అది గడువు పెంచడమే. పోనీ విండోస్ 11 వేసుకుందామంటే, టి.పి.ఎం. 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలన్నారు, ప్రాసెసరు దాదాపు 2018 తర్వాతది అయివుండాలన్నారు. మన ఇళ్ళలో ఉన్నవి 2012, 2014 నాటి యంత్రాలు. అంటే తెర బాగున్నది, కీబోర్డు బాగున్నది, కరెంటు పెడితే లేస్తున్నది, అయినా పనికిరానిదని దాని నొసట రాసేశారన్నమాట. పాత సామాన్లవాడికి వేస్తే ఎన్ని రూకలు వస్తాయో మీకు తెలుసు. కొత్త లాప్‌టాప్ కొనాలంటే ముప్పై, నలభై వేలు. మెకానిక్కు షెడ్డులోనో, బట్టల దుకాణంలోనో పనిచేసే తండ్రికి అది ఎన్ని నెలల జీతమో లెక్క మేము చెప్పనక్కరలేదు.

ఇంకొక సంగతి కూడా ఉన్నది. చెప్పడానికి కొంచెం ఇబ్బందిగానే ఉంటుంది. మన ఇళ్ళలోనే కాదు, ఊరిలో సగం ఇళ్ళలో ఉన్న విండోస్ డబ్బిచ్చి కొన్నది కాదు. ఎవరో కుర్రవాడు పెన్ డ్రైవు తెచ్చి ఎక్కించి మూడు వందలు తీసుకుని వెళ్ళినది. అది ఒకరి హక్కు. దీనిమీద మేము ఫత్వా చెప్పేవాళ్ళం కాము, ఆ మాట ఉలమాలను అడగవలసిందే. కాని తూకంలో చిటికెడు తగ్గితే మనసు గుచ్చుకునే మనిషి, ఈ విషయంలో మాత్రం నిశ్చింతగా నిద్రపోతున్నాడేమిటా అని మేము చాలాసార్లు అనుకున్నాము.

ఈ రెండు చిక్కులకూ ఒకే దారి ఉన్నది. దాని పేరు లినక్స్.

దీని కథ క్లుప్తంగా చెబుతాము. 1983లో అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ అనే ఆయన, సాఫ్ట్‌వేర్ వాడుకునేవాడికి దాన్ని విప్పి చూసే హక్కు, మార్చుకునే హక్కు, ఇంకొకరికి ఇచ్చే హక్కు ఉండాలని గ్నూ అనే పని మొదలుపెట్టాడు. 1991లో ఫిన్లాండు దేశంలో హెల్సింకీ విశ్వవిద్యాలయం విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్, అప్పటికి ఇరవై ఒక్క ఏళ్ళవాడు, కంప్యూటరును లోపలనుంచి నడిపించే ముఖ్యభాగాన్ని సరదాకు రాసి నలుగురికీ ఇచ్చేశాడు. ఆ రెండూ కలిసినదే ఇప్పుడు మనం లినక్స్ అంటున్నది. మీ జేబులోని ఆండ్రాయిడ్ ఫోను లోపల ఉన్నది ఆ లినక్స్ కెర్నెలే. ప్రపంచంలోని అతి వేగమైన 500 సూపర్ కంప్యూటర్ల పట్టిక వేస్తారు గదా, 2017 నవంబరు పట్టికనుంచి అవన్నీ లినక్సుమీదనే నడుస్తున్నాయి. అంతటి దానిని మన పిల్లవాడు పైసా ఇవ్వకుండా, ఎవరి హక్కూ కొట్టకుండా తెచ్చుకోవచ్చు. ఇంకొకరికి కాపీ చేసి ఇస్తే దొంగతనం కాదు సరికదా, ఇవ్వండి అనే దాని లైసెన్సులో రాసి ఉంటుంది.

బెల్లం దేశంవాళ్ళం గనుక మనకు తెలిసిన మాటల్లో చెప్పుకుందాం. దుకాణంలో పొట్లం కట్టి అమ్మే మిఠాయిలో ఏం కలిపారో మనకు తెలియదు, అడిగినా చెప్పరు. గానుగ దగ్గరకు పోతే పెనం మనముందే ఉంటుంది. రసం ఎంత మరగాలో, సున్నం ఎంత వేయాలో, పాకం ఎప్పుడు దించాలో నిలబడి చూడవచ్చు, నేర్చుకుని మన కళ్ళంలో మనమూ వండుకోవచ్చు. లినక్స్ ఆ గానుగవంటిది. చూడగలిగినవాళ్ళు వేలమంది చూస్తుంటారు కాబట్టి తప్పు దొర్లితే ఎవరో ఒకరు పట్టుకుంటారు.

లినక్స్ అనేది ఒకే రూపంలో రాదు. డెబియన్ అని 1993నుంచి ఉన్నది, ఉబుంటు అని 2004లో వచ్చినది, దానిమీద కట్టిన లినక్స్ మింట్ అని 2006నాటిది, ఇలా ఎన్నో. ఒకప్పుడు ఉబుంటు వాళ్ళు అడిగినవారికి సీడీలు పోస్టులో ఉచితంగా పంపేవారు, 2011లో ఆపేశారు. పేర్లు విని కంగారు పడవద్దు. పాత కంప్యూటరు అయితే మింట్‌లో ఎక్స్ ఎఫ్ సి ఈ అనే తేలికరకం తీసుకోండి, చాలు. రెండు జి.బి. ర్యామ్ ఉంటే లేస్తుంది, నాలుగు ఉంటే సుఖంగా నడుస్తుంది. పాత హార్డు డిస్కు తీసి చిన్న ఎస్.ఎస్.డి. పెట్టించుకుంటే ఆ మనిషే వేరు. మింట్ 22 రకానికి 2029 వరకు మరమ్మతులు వస్తాయి. విశేషమేమంటే ముందుగా కంప్యూటరులో ఏమీ మార్చకుండా పెన్ డ్రైవునుంచే నడిపి చూసుకోవచ్చు. వై-ఫై అందుతున్నదా, శబ్దం వస్తున్నదా, ప్రింటరు కదులుతున్నదా అన్నీ చూసి, నచ్చితేనే ఎక్కించుకోవచ్చు. ఎక్కించేముందు మాత్రం పిల్లల ఫోటోలు, కాగితాలు వేరే చోట దాచుకోండి. ఈ మాట రెండుసార్లు చెబుతున్నామనుకోండి.

మనవారికి ఆసక్తి కలిగించే సంగతి ఒకటి. 2007లో కొందరు ముస్లిం యువకులు ఉబుంటును తీసుకుని 'ఉబుంటు ముస్లిం ఎడిషన్' అని ఒకటి తయారుచేశారు. తర్వాత దానికి సబీలీ అని పేరు పెట్టారు. అరబ్బీలో నా దారి అని అర్థం. నమాజు వేళలు చెప్పే మిన్‌బర్, ఖురాను చదువుకునే జిక్ర్, పిల్లలను చెడ్డ పేజీలకు పోనీయని జల్లెడ, అన్నీ అందులో సిద్ధంగా ఉండేవి. 2011 తర్వాత దాని కొత్త రూపం రాలేదు. చేసేవాళ్ళు కొద్దిమంది, వారికీ సంసారాలున్నాయి గదా, అలా ఆగిపోయింది. దానిని తలచుకుని మేము విచారించము. ఎందుకంటే మనకు వేరే లినక్స్ అక్కరలేదు, అందరి లినక్సులోనే మన పని జరుగుతుంది. ఖాలిద్ హోస్నీ అనే ఆయన, ఈజిప్టులోని బూలాఖ్ ముద్రణాలయం పాత అచ్చు అక్షరాలను ఆధారం చేసుకుని అమీరీ అనే అరబ్బీ ఫాంటు చేసి ఉచితంగా ఇచ్చారు. ఉర్దూకు నోటో నస్తాలీఖ్ ఉన్నది. కుడినుంచి ఎడమకు రాయడం లిబ్రె ఆఫీసులో ఇబ్బంది లేదు. తెలుగుకు తిరుమల కృష్ణ దేశికాచారి గారి పోతన, వేమన ఫాంట్లు ఉన్నాయి, సిలికానాంధ్ర వారు ఇచ్చిన ఫాంట్లు ఉన్నాయి. ఒకే కాగితంమీద తెలుగు, ఉర్దూ, అరబ్బీ మూడూ రాసుకోవచ్చు. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, నమాజులో అరబ్బీ ఉన్న మనకు ఇది చిన్న సంగతి కాదు.

మెనూలను కూడా తెలుగులో పెట్టుకోవచ్చు. హైదరాబాదు కేంద్రంగా స్వేచ్ఛ అనే సంస్థవారు డెబియన్‌ను తెలుగు చేసి అదే పేరుతో ఇచ్చారు. ఇంజనీరింగు విద్యార్థులకు శిబిరాలు పెట్టి నేర్పారు. తెలుగు మెనూలో ఫైలును దస్త్రం అంటారు. ఈ కాలం పిల్లలు నవ్వుతారు గాని, ఆ దస్త్రం పార్సీ, ఉర్దూల దారిన కచేరీల ద్వారా తెలుగులోకి వచ్చిన మాటే. నవ్వే ముందు మన తాతలను తలచుకోవాలి. అయినా మా అభిప్రాయం అడిగితే, పిల్లలకు మెనూ ఇంగ్లీషులోనే ఉంచి, రాత తెలుగులో నేర్పడం మేలు. బయట వాళ్ళు ఎదుర్కొనేది ఇంగ్లీషు మెనూనే కాబట్టి.

ఇక కానివి కూడా చెప్పాలి, లేకపోతే రేపు మమ్మల్ని తిట్టుకుంటారు. దుకాణంలో టాలీమీద లెక్కలు రాసేవారు తొందరపడి మారవద్దు, టాలీ విండోసు కోసం చేసినది. వేలిముద్రల యంత్రాలు పెట్టుకుని సేవా కేంద్రాలు నడిపే తమ్ముళ్ళు అసలే ముట్టుకోవద్దు. డి.టి.పి. చేసేవారి పేజ్‌మేకరు, అను ఫాంట్లు, ఉర్దూ వారి ఇన్‌పేజ్, ఇవన్నీ విండోసు సరుకే. కొన్ని రకాల లేజర్ ప్రింటర్లు, కొన్ని వై-ఫై ముక్కలు మొరాయిస్తాయి. పెద్ద ఆటలు ఆడే కుర్రవాళ్ళు కొందరు అలుగుతారు. అలగనివ్వండి. మరీ పాత 32-బిట్ యంత్రమైతే దానికోసం పాకులాడవద్దు. చదువుకునే ఇంటికి కావలసినవి బ్రౌజరు, ఉత్తరాలు, లెక్కల పట్టికలు, పాఠాల వీడియోలు, ప్రోగ్రాములు రాసే సరంజామా. అవన్నీ ఇందులో ఉన్నాయి.

అయితే ఇంత మంచిదైతే మన ఊళ్ళో ఎందుకు లేదు? మేము ఆలోచించినంతలో కారణం ఒక్కటే. విండోసు పాడైతే వీధి చివర ఒక షాపు ఉన్నది. లినక్స్ పాడైతే అడిగే మనిషి లేడు. సాఫ్ట్‌వేరు ఉచితంగా వస్తుంది, మనిషి రాడు. కేరళవారు ఈ కీలకం గ్రహించారు. 2001లో ఐటీ ఎట్ స్కూల్ అని మొదలుపెట్టి, కొన్నేళ్ళలో బడులన్నిటినీ లినక్సువైపు తిప్పారు. వారు చేసిన తెలివైన పని ఉపాధ్యాయులకు తర్ఫీదు ఇచ్చి, ఆ ఉపాధ్యాయుల చేత మిగతావారికి నేర్పించడం. 2019లో ఆ పని చూసే కైట్ సంస్థ 2 లక్షలకు పైగా బడి కంప్యూటర్లలో కొత్త రకం ఎక్కిస్తున్నామని, దానివల్ల 3,000 కోట్ల రూపాయలు మిగులుతాయని ప్రకటించింది. ఆ రాష్ట్రంలోనే మనవారు ఎక్కువగా ఉన్న మలప్పురం జిల్లాలో 2002లో అక్షయ పథకం పెట్టి ఇంటికొకరికి కంప్యూటరు నేర్పారు. అది లినక్సు పథకం కాదుగాని, ఇంటికొకరు అన్న లెక్క మనం పట్టుకోవలసినది. బెంగళూరులో ఒక మురికివాడలో అంబేద్కర్ కమ్యూనిటీ కంప్యూటింగ్ సెంటరు అని పెట్టి, విరాళంగా వచ్చిన కంప్యూటర్లమీద లినక్స్ వేసి కూలివాళ్ళ పిల్లలకు నేర్పారు. అక్కడ ప్రభుత్వం లేదు, వచ్చి నేర్పిన మనుషులున్నారు.

మన దగ్గర గోవాడ షుగర్ ఫ్యాక్టరీ సహకార సంఘంగా పుట్టినదే గదా. చెరకు రైతులే వాటాదారులు. నలుగురూ కలిస్తే ఏదైనా కట్టవచ్చునని ఈ నేలకు ఎవరూ చెప్పనక్కరలేదు. ఇక్కడైతే వాటా డబ్బు కూడా అక్కరలేదు, వారానికి రెండు గంటలు చాలు.

ఇంతవరకు మేము కొద్ది ఇళ్ళలో ఎక్కించి చూశాము. ఒక విషయం మాకు కొత్తగా తెలిసింది. మగపిల్లలు రెండు రోజులు ఉత్సాహపడి ఫోనులోకి పోయారు. నిలబడి నేర్చుకున్నవారు డిగ్రీ చదివే ఆడపిల్లలు. వాళ్ళ కష్టం వేరు. కంప్యూటరు ఆగిపోతే షాపునుంచి తెలియని కుర్రవాడిని ఇంట్లోకి పిలవడం తల్లికి ఇష్టం ఉండదు, మోసుకుపోయి ఇవ్వడానికి తండ్రికి తీరిక ఉండదు. నెలల తరబడి గుడ్డ కప్పి మూల పడి ఉంటుంది. అదే పక్కవీధి ఆపా వచ్చి బాగుచేస్తానంటే ఎవరు కాదంటారు? అందుకని మా మనవి ఏమంటే, సంఘం తరఫున మొదట నేర్పేది ఆడపిల్లలకే నేర్పాలి. వీధికి ఇద్దరు. వారికి సంఘం ఒక పెన్ డ్రైవు, ఒక స్క్రూడ్రైవరు కొనిస్తే చాలు. సదఖా జారియా అంటే బావి తవ్వించడమే అనుకుంటాము. ఒక పిల్ల నలుగురికి నేర్పితే, ఆ నలుగురు ఇంకో నలుగురికి నేర్పితే దానిని ఏమంటారో పెద్దలే చెప్పాలి.

ఈ మాటమీద కార్యవర్గం ఒక నిర్ణయానికి వస్తే ఈ క్రిందివి జరపవచ్చు. సంఘం గదిలో ఒక బల్ల, ఒక కరెంటు బోర్డు, నెట్టు కనెక్షను. ప్రతి ఆదివారం అసర్ నమాజు నుంచి మగ్రిబ్ వరకు ఆడవారికి, ఇషా తర్వాత గంటసేపు మగవారికి. ఇంట్లో పాడుపడిన కంప్యూటర్లు, లాప్‌టాప్‌లు ఉన్నవారు తెచ్చి ఇవ్వండి. నడిచేవాటిని నడిపించి, లేనివాటిలో పనికొచ్చే ముక్కలు తీసి, పదో తరగతి దాటిన పిల్లలున్న ఇళ్ళకు సంఘం రాసుకుని ఇస్తుంది. ఇచ్చేవారు లోపలి మీ ఫోటోలు, బ్యాంకు కాగితాలు ముందు తీసుకోండి. తెచ్చేటప్పుడు ఛార్జరు మరిచిపోవద్దు. ఛార్జరు లేని లాప్‌టాపులు మా దగ్గర ఇప్పటికే మూడున్నాయి.