సర్క్యూటు పలకల పటరచన

రేడియో పెట్టె వెనుకనున్న మూతను విప్పి లోపల చూచిన వారందరికిని ఒక సంగతి తెలిసియే యుండును. వాల్వులతో పనిచేయు పాత రేడియోలో తీగలు పక్షిగూటివలె అల్లుకొని యుండెడివి. ఒక్కొక్క తీగను పనివాడు తన చేతితో కత్తిరించి, కొనలను సోల్డరుతో అతికించెడివాడు. ట్రాన్సిస్టరు రేడియోలో ఆ గూడు కనిపించదు. దానికి బదులు గోధుమరంగుదో ఆకుపచ్చనిదో యగు ఒక పలుచని పలక యుండును. ఒకవైపున చిన్నచిన్న భాగములు నిలిచి యుండును. రెండవవైపున రాగి బాటలు, ఊరి పటములోని వీథులవలె, మలుపులు తిరుగుచు పోవుచుండును. దానినే ప్రింటెడ్ సర్క్యూట్ బోర్డు అందురు. ఈ ప్రసంగములో మనము దానిని సర్క్యూటు పలక యని పిలుచుకొందము.

నేడు ఇట్టి పలక లేని యంత్రము ఇంటిలో అరుదు. మొబైలు ఫోను, టెలివిజను, బట్టల మిషను, గోడమీది విద్యుత్తు మీటరు, ఎల్.ఇ.డి. దీపము — అన్నింటిలోను అది యున్నది. అయితే ఆ రాగి వీథుల పటమును గీయువా రెవరు? ఏ పనిముట్టుతో గీయుదురు? గీసిన పిదప ఆ పటము ఎవరి చేతిలో నుండును? ఈ మూడు ప్రశ్నలను గూర్చి నేడు ముచ్చటింప దలచితిమి. వీనిలో మూడవదియే ముఖ్యమైనదని మా అభిప్రాయము.

ఈ పలకకు ఆద్యులలో ముఖ్యుడు పాల్ ఐస్లర్. ఆయన వియన్నా నగరమున పుట్టిన ఇంజనీరు. 1936లో ఇంగ్లండు చేరి, తీగలకు బదులు రాగిరేకు బాటలతో ఒక రేడియోను తయారుచేసెను. 1943లో ఆ పద్ధతికి పేటెంటు కోరుచు దరఖాస్తు పెట్టెను. పుస్తకములను అచ్చువేయువారి విద్యయే దీనికి మూలము. ఒక పలకమీద రాగిరేకును అంటింతురు. బాటలు కావలసినచోట రాగిపై రక్షకపు పూత యుంచి, తక్కిన రాగిని రసాయనముతో కరగించివేయుదురు. మిగిలినదే సర్క్యూటు. ఒకమారు పటము సిద్ధమైన పిదప వేయి పలకలైనను ఒక్కతీరుగా తీయవచ్చును.

ఆ పటమును గీయుటయే కష్టము. కంప్యూటర్లు రాకమునుపు చిత్రకారులు వెలుగుబల్లపై పారదర్శకమైన రేకు పరచి, నల్లని టేపు ముక్కలను అంటించుచు, అసలు కొలతకు రెండింతలో నాలుగింతలో పెద్దదిగా పటము తయారుచేసెడివారు. తరువాత దానిని ఫోటో తీసి కుదించెడివారు. ఒక భాగమును ఒక మూలనుండి మరియొక మూలకు జరుపవలసి వచ్చినచో దినముల తరబడి చేసిన పని యంతయు ఊడదీయవలసినదే. కంప్యూటరు వచ్చిన పిదప ఈ శ్రమ తగ్గినది. కాని పటరచనకు కావలసిన సాఫ్ట్‌వేరు చిరకాలము బహు ఖరీదైనదిగనే యుండెను.

ఆ పరిస్థితిలో ఫ్రాన్సు దేశమున గ్రెనోబుల్ నగరములో సాంకేతిక విద్య గరపుచున్న జాఁ పియేర్ షరాస్ అను ఉపాధ్యాయుడు 1992లో కీకాడ్ అను సాఫ్ట్‌వేరును వెలువరించెను. అది ఓపెన్ సోర్సు సాఫ్ట్‌వేరు. అనగా దాని మూలరచనను ఎవరైనను చదువవచ్చును, దిద్దవచ్చును, పదిమందికి పంచవచ్చును. దిద్దినదానిని పంచునప్పుడు దిద్దిన మూలమునుగూడ ఇయ్యవలెననునది నియమము. ఆవకాయ జాడీ నిచ్చువారు పాళ్లు గూడ చెప్పియే యీయవలె నన్నట్లు!

ఇట్టి సాఫ్ట్‌వేరుతో పలకను రూపొందించు తీరును కొంచెము వివరింతుము. ఇందు ఐదు మెట్లు కలవు.

మొదటి మెట్టు స్కీమాటిక్, అనగా సంబంధ పటము. రెసిస్టరునకు ఒక గుర్తు, కెపాసిటరునకు ఒక గుర్తు, ట్రాన్సిస్టరునకు ఒక గుర్తు; ఏది దేనితో కలియవలెనో గీతలతో చూపుదురు. ఇందు దూరములతో గాని కొలతలతో గాని పనిలేదు. వంశవృక్షమువలె చుట్టరికములు మాత్రమే తెలియును. గీత కలియనిచోటును, కలియరానివి కలిసినచోటును కంప్యూటరు వెదకి చూపును.

రెండవ మెట్టు, ప్రతి గుర్తునకును నిజమైన భాగము నొకదానిని నిర్ణయించుట. ఆ భాగమునకు పలకపై కాళ్లు మోపు చోటును ఫుట్‌ప్రింట్ అందురు. వెనుకటి చిప్పుల కాళ్ల నడుమ ఎడము 2.54 మిల్లీమీటర్లు, అనగా అంగుళములో పదవవంతు. నేటి రెసిస్టర్లలో 1.6 మిల్లీమీటర్ల పొడవు, 0.8 మిల్లీమీటరు వెడల్పు గలవి సామాన్యము. ఆవగింజ పక్కన పెట్టినచో రెండును ఒకటే యనిపించును. ఇక్కడ చాల జాగ్రత్త కావలెను. పీఎన్ 2222ఏ యనియు, పీ2ఎన్ 2222ఏ యనియు రెండు ట్రాన్సిస్టర్లు కలవు. పేరులో ఒక్క అంకె మాత్రమే భేదము, చూపునకును ఒక్కటియే, కాని కాళ్ల వరుస తలక్రిందులు. ఒకదాని కొఱకు గీసిన పలకలో రెండవదానిని గ్రుచ్చినచో సర్క్యూటు సరిగా పనిచేయదు. ఇట్టి తప్పును కంప్యూటరు కనిపెట్టజాలదు. తయారీదారు ప్రకటించిన డేటాషీటును మనుష్యుడు చదువుకొనవలసినదే.

మూడవ మెట్టు భాగములను పలకపై అమర్చుట. ఇల్లు కట్టువాడు వంటగది ఎచ్చట, నుయ్యి ఎచ్చట అని యోచించినట్లే ఇక్కడను యోచింపవలెను. వేడెక్కు భాగమును వేడికి చెడు భాగమునకు దూరముగ నుంచవలెను. ప్రతి చిప్పునకును విద్యుత్తు నందించు కాలికి మిక్కిలి దగ్గరగ ఒక చిన్న కెపాసిటరు నుంచుట మంచిది. చిప్పునకు ఒక్కసారిగ కరెంటు కావలసి వచ్చినప్పుడు అది వాకిట నుంచిన నీళ్ల కుండవలె వెంటనే అందించును.

నాలుగవ మెట్టు బాటలు వేయుట. ఏ కాలు ఏ కాలితో కలియవలెనో కంప్యూటరు సన్నని దారములవలె చూపుచుండును. ఆ దారముల స్థానమున రాగి బాటలు వేసికొనుచు పోవలెను. ఒకే ముఖమున రెండు బాటలు ఒకదాని నొకటి దాటరాదు. దాటవలసి వచ్చినచో పలకకు రంధ్రము చేసి, రెండవ ముఖమునకు దిగి పోవలెను. బాట వెడల్పు కరెంటును బట్టి యుండును. సామాన్యముగ పలకపై రాగి మందము 35 మైక్రాన్లు. అట్టి రాగిపై 1 ఆంపియరు కరెంటు పోవుటకు, వేడి 10 డిగ్రీలకు మించి పెరుగకుండవలె నన్నచో, పలకపై ముఖమున బాట సుమారు 0.3 మిల్లీమీటరు వెడల్పు ఉండవలె నని లెక్క.

పోయిన కరెంటు తిరిగి వచ్చు దారిని గూడ మరువరాదు. పెద్ద కరెంటు తిరిగి వచ్చు దారియు, సన్నని ధ్వని సంకేతము తిరిగి వచ్చు దారియు ఒక్కటియే యైనప్పుడు, స్పీకరులో గుంయిమను మ్రోత వినవచ్చును. భాగము లన్నియు మంచివైనను బాట చెడ్డదైనచో పాట చెడును. అందువలననే ఖాళీగ నున్న తావు నంతయు రాగితో నింపి, దానిని గ్రౌండుగ వాడుకొందురు. బాటల నడుమ ఎడము చాలనప్పుడు కంప్యూటరు హెచ్చరించును.

ఐదవ మెట్టున ఈ పట మంతయు గెర్బర్ అను పేరుగల ఫైళ్లుగ మారును. రాగి ముఖమునకు ఒకటి, పై పూతకు ఒకటి, అక్షరముల అచ్చునకు ఒకటి. రంధ్రములకు వేరొక ఫైలు. పలకలు చేయు కర్మాగారమునకు వీనిని పంపిన చాలును. పంపుటకు ముందు పటమును అసలు కొలతతో కాగితముపై అచ్చువేసి, కొన్న భాగములను దానిపై నుంచి, కాళ్లు సరిపడుచున్నవో లేదో చూచుకొనుట మంచిది. హైదరాబాదు కోఠీలోని గుజరాతీ గల్లీలో భాగములు కొనుక్కొను విద్యార్థులకు ఈ కాగితము రూపాయల ఖర్చు లేని పరీక్ష.

ఇక మూడవ ప్రశ్న. గీసిన పటము ఎవరి చేతిలో నుండును? గీసినవానిదే కదా యని మనము తలంతుము. కాని పటము ఒక ఫైలుగ నుండును. ఆ ఫైలును తెరచుటకు ఒక సాఫ్ట్‌వేరు కావలెను. ఆ సాఫ్ట్‌వేరు అద్దెకు తెచ్చుకొన్నదైనచో, అద్దె నిలిచిన నాడు పటము పెట్టెలోనే యుండును గాని తాళపుచెవి పరుల చేతిలో నుండును.

ఇది ఊహ కాదు. ఈగిల్ అను పటరచనా సాఫ్ట్‌వేరు 1988లో జర్మనీలో వెలసినది. చిన్న పరిశ్రమలకును విద్యార్థులకును అది చిరకాలము ఆప్తమిత్రముగ నుండెను. 2016లో ఆటోడెస్క్ అను సంస్థ దానిని కొన్నది. 2017లో చందా పద్ధతి ప్రవేశపెట్టినది. 2026 జూనుతో దానిని నిలిపివేయుదు మని 2023లో ప్రకటించినది. ఒక వ్యాపారసంస్థ తన సరకును మానుకొనుట దాని హక్కు. అందు దోష మెంచుట మా ఉద్దేశము కాదు. కాని ప్రపంచమంతట విద్యార్థులు వాడు ఆర్డుయినో యను ప్రసిద్ధమైన పలకయొక్క పటములు, అందరును వాడుకొనుటకై ఆ ఈగిల్ ఫైళ్లుగనే ప్రకటింపబడినవి. ఇచ్చినవారి మనసు పెద్దదే. కాని ఇచ్చిన పెట్టెకు తాళపుచెవి వేరొకరి యింట నున్నది. 2018లో వెలువడిన కీకాడ్ ఐదవ కూర్పు ఈగిల్ ఫైళ్లను చదువ నేర్చుకొన్నది. అందువలన ఆ పటములు నేడును మనకు అందుచున్నవి.

ఈ చిక్కునే జెనీవాలోని సెర్న్ పరిశోధనాలయము ముందుగ గుర్తించినది. పరమాణువులోని సూక్ష్మకణములను శోధించు ఆ సంస్థకు వేలకొలది సర్క్యూటు పలకలు కావలెను. అచ్చటి ఇంజనీర్లు తమ పలకల పటములను లోకమునకు పంచదలచి, 2011లో అందుకొక అనుమతి పత్రమును గూడ రచించిరి. కాని అట్టి పటములు ఖరీదైన సాఫ్ట్‌వేరుతో గీసినవైనచో, అందుకొన్నవాడు వానిని దిద్దుటకు ఆ సాఫ్ట్‌వేరును గూడ కొనవలసి వచ్చును. ఇక పంచిన ఫలమేమి? కావున 2013 నుండి సెర్న్ కీకాడునకు తోడ్పడ నారంభించినది. క్రొత్త బాట వేయునప్పుడు పాత బాటలను నియమము తప్పకుండ పక్కకు నెట్టుకొనుచు పోవు నేర్పు కీకాడునకు సెర్న్ ఇంజనీర్ల వలననే వచ్చినది. 2019లో కీకాడ్ లినక్స్ ఫౌండేషను నీడకు చేరినది. ఒక ఉపాధ్యాయుని కృషి ఇట్లు పలుదేశముల వారి ఉమ్మడి సొత్తైనది.

మన దేశములోను ఈ మార్గమున కృషి జరిగినది. బొంబాయి ఐ.ఐ.టి.లోని ఫాసీ అను బృందము ఈసిమ్ అను సాఫ్ట్‌వేరును కూర్చినది. సంబంధ పటమును కీకాడుతో గీసి, ఆ సర్క్యూటు ఎట్లు పనిచేయునో ఎన్‌జీస్పైస్ అను గణనసాధనముతో లెక్కకట్టి చూపుట దాని పని. కళాశాలకు గాని విద్యార్థికి గాని దానికై పైకము చెల్లించు పని లేదు.

ఖరీదైన సాఫ్ట్‌వేర్లు వ్యర్థమని మేము చెప్పబోము. మిక్కిలి వేగముగల సంకేతములకు, వందలమంది ఇంజనీర్లు కలిసి చేయు పనులకు అవి యిచ్చు సదుపాయములు వేరు. చిక్కు వచ్చినప్పుడు సమాధానము చెప్పుటకు ఒక సంస్థ యుండును. ఓపెన్ సోర్సు సాఫ్ట్‌వేరులో తరచుగ తోటి వాడుకరులే దిక్కు. అయినను పాలిటెక్నిక్ విద్యార్థికి, పల్లెపట్టున పంపుసెట్ల స్టార్టర్లు చేయు చిన్న పరిశ్రమకు, మరమ్మతు పనివానికి కావలసినదంతయు ఇందున్నది. పైగా కీకాడ్ ఫైలు మామూలు అక్షరములతో వ్రాసినదే. ఏనాడైన ఆ సాఫ్ట్‌వేరు కనుమరుగైనను, ఓపికగలవాడు ఆ ఫైలును తెరచి చదివి పటమును మరల గీసికొనవచ్చును.

కొన్ని పాత రేడియోల పెట్టె లోపలనే సర్క్యూటు పటమును అంటించి యిచ్చెడివారు. మరమ్మతు చేయువాడు దానిని చూచి పది నిమిషములలో లోపము పట్టెడివాడు. నేడు పటము దొరకని కారణమున, ఒక చిన్న కెపాసిటరు చెడినంతనే వస్తువు నంతయు పారవేయవలసి వచ్చుచున్నది. కనుక మన యిండ్లలో ఈ విద్య నేర్చుకొను పిల్లలున్నచో, మొదట ఒక దీపమును మినుకుమినుకుమనిపించు చిన్న పలకను తామే రూపొందించుకొను నట్లు వారిని ప్రోత్సహింతము. పలకతో పాటు దాని పటమును గూడ, పదేండ్ల తరువాత మరియొకరు తెరచి చదువుకొనదగిన రీతిని భద్రపరచు అలవాటు వారికి ఆనాడే చేయింతము. పటము చేతనున్నచో చెడిన పలకను బాగుచేసికొనవచ్చును. కావలెనన్న క్రొత్తదానిని చేసికొనవచ్చును.