అతిథులు వెళ్ళిన తరువాత
(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఒంటరిగా ఉన్నవారి కాలక్షేపం గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు ఆజ్ఞాపించారు. ఆఫీసులో ఫైళ్ళ మీద నోట్ రాసి పై అధికారికి పంపడమే గాని, మైకు ముందు నిలబడిన అలవాటు లేదు. తప్పులుంటే మన్నించండి.

మా అబ్బాయి కుటుంబం ఉండేది హైదరాబాదులో. నేను విజయవాడలో ఒక్కణ్ణే ఉంటాను. పండుగకు వాళ్ళు వచ్చి నాలుగు రోజులుండి వెళ్ళేవారు. బస్సు ఎక్కించి వచ్చి ఇంటి తాళం తీసే ఘడియ ఉన్నదే, నా భార్య పోయిన తరువాత దానికి నేను నిజంగా భయపడ్డాను. లోపలికి వస్తూనే టీవీ పెట్టేవాణ్ణి. "నాన్నా, మాతో వచ్చేయండి" అని అబ్బాయి అంటే, ఆ భయంతోనే ఇల్లు అద్దెకిచ్చి వెళ్ళిపోదామని కూడా అనుకున్నాను.

ఆ రోజుల్లో జపానువారి తేనీటి సంప్రదాయం గురించి చదవడం తటస్థించింది. ఇయి నావొసుకే అనే ఆయన 1815లో ఒక ప్రభువుకు పద్నాలుగో కొడుకుగా పుట్టి, షోగున్ ప్రభుత్వంలో 'తైరో' అనే అత్యున్నత పదవికి ఎదిగాడు. గిట్టనివారు 1860లో ఎడో కోట ద్వారం వద్ద ఆయనను చంపారు. అంతటి రాజకీయాల మనిషి తేనీటి విందు మీద ఒక గ్రంథం రాశాడు. అందులో ఆయన చెప్పినదాని సారాంశం ఇది: అతిథులు కనుమరుగయ్యే వరకు చూడాలి. వెంటనే తలుపులు మూసి గిన్నెలు సర్దరాదు. నెమ్మదిగా లోపలికి వచ్చి పొయ్యి ముందు ఒంటరిగా కూర్చోవాలి. వాళ్ళు ఇప్పుడు ఎంత దూరం వెళ్ళి ఉంటారో, ఈనాటి కలయిక మళ్ళీ రాదు గదా అని తలపోయాలి. కావాలంటే తానొక్కడే ఒక పాత్ర తేనీరు కాచుకు తాగవచ్చు. దీనికి 'దొకుజా కన్నెన్' అని పేరు.

అది చదివి ఆశ్చర్యపోయాను. నేను పారిపోతున్న ఘడియను ఆయన విందులో భాగం చేశాడు!

జపాను టీపొడి నా దగ్గర లేదు. మన టీయే ఒక గ్లాసు పెట్టుకుంటాను. టీవీ పెట్టను. పిల్లలు చిందరవందర చేసిన దుప్పట్లు అలాగే ఉంచుతాను. వరండాలో కూర్చుని, గ్లాసు రెండు చేతులా పట్టుకుని, "ఈపాటికి నందిగామ దాటి ఉంటారు" అనుకుంటాను. మనుమరాలు అన్న మాట ఒకటి గుర్తుకొస్తుంది. ఒక్కోసారి కళ్ళు చెమరుస్తాయి, అయినా లేచిపోను. టీ అయ్యాక గ్లాసు కడిగి బోర్లించి, అప్పుడు దుప్పట్లు మడతపెడతాను. ఇప్పుడు మామూలు రోజుల్లో కూడా సాయంత్రం టీ అలాగే తాగుతున్నాను. ఇల్లు అద్దెకివ్వలేదు.

ఒక్క మనవి. ముందు అతిథి వస్తేనే గదా తరువాత కూర్చుని తలచుకునేది! కాబట్టి ఎవరి ఇంట్లో వారు ఉండిపోకుండా మా ఇంటికి టీకి రండి. మీరు వెళ్ళాక ఏ సందు దాటారో తలచుకుంటూ కూర్చుంటాను.