గ్రీన్ ట్యాగ్ లేని బండి

నేను షార్జాలో కన్‌స్ట్రక్షన్ సూపర్‌వైజర్‌ని. ఐటీఐ ఫిట్టర్ చేసి ఇక్కడికొచ్చి పదిహేడేళ్లయింది. పోయిన సెలవులో జగిత్యాల దగ్గర మా ఊళ్లో నా పాత క్లాసిక్ 350 బుల్లెట్‌ని స్క్రాంబ్లర్‌గా మార్చాను. ఎలా చేశావన్నా అని చాలామంది అడుగుతున్నారు. చెబుతాను. చేసిన తప్పు కూడా చెబుతాను, అసలు విషయం అదే.

స్క్రాంబ్లర్ అంటే వేరే ఏం కాదు, రోడ్డు బండినే మట్టిదారికి తగ్గట్టు మార్చుకోవడం. మా పొలం దారి కాలువ గట్టు మీదుగా పోతుంది. వానాకాలమంతా బురదే. అందుకే ఆ కోరిక.

ముందు కొలతలు చూసుకోండి. నా బండికి ముందు చక్రం 19 అంగుళాలు, వెనక 18. మట్టికి అది మంచిదే. కానీ ముందు ఫోర్కు కదిలేది 130 మిల్లీమీటర్లు, వెనక షాకులు 80 మాత్రమే. అదే కంపెనీ హిమాలయన్ 411లో 200, 180. అంటే సైలెన్సర్ ఎంత పైకి లేపినా మనది గుంతల మీద ఎగిరే బండి కాదు. మట్టిరోడ్డు మీద నిదానంగా పోయే బండి, అంతే.

ఇంకో మాట. ఒక్కటి మారిస్తే ఇంకో రెండు మారతాయి. గుబ్బల టైరు వేస్తే మడ్‌గార్డుకు తగులుతుందేమో చూడాలి, తడి తారురోడ్డు మీద పట్టు కూడా తగ్గుతుంది. సైలెన్సర్ పైకి పెడితే కాలు కాలుతుంది, హీట్ షీల్డ్ కావాలి. వెనక పొడవు షాకులు వేస్తే బండి ముందుకు వాలుతుంది, సైడు స్టాండు పొట్టిదైపోతుంది, చైను మళ్లీ సెట్ చేయాలి.

ఇవన్నీ చూసుకున్నాను. హ్యాండిల్ బారు దగ్గర మర్చిపోయాను. ఎత్తు బారు వేసి పాత కేబుళ్లే ఉంచాను. హ్యాండిల్ నేరుగా ఉంచి రేజ్ ఇచ్చి చూశా, బాగానే ఉంది. డిగ్రీ చదివే మేనల్లుడు "మామా, ఒక్క రౌండు కొట్టొస్తా" అంటే తాళం ఇచ్చేశా. గట్టు మీద బండి వెనక్కి మళ్లించడానికి హ్యాండిల్ పూర్తిగా తిప్పాడు. యాక్సిలరేటర్ కేబుల్ బిగుసుకుని ఇంజను దానంతటదే రేజ్ అయింది. వాడూ, బండీ కాలువలో పడ్డారు. నీళ్లు మోకాలి లోతే కాబట్టి మణికట్టు విరగడంతో పోయింది. మా అక్క నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది.

సైటులో గ్రీన్ ట్యాగ్ లేని స్కాఫోల్డింగ్ ఎవర్నీ ఎక్కనివ్వను, ఎంత పెద్ద ఇంజినీరు అరిచినా సరే. సొంత బండికి మాత్రం ఆ ట్యాగ్ గుర్తు రాలేదు.

ఇప్పుడు నా పద్ధతి ఇది. సెంటర్ స్టాండు వేసి, న్యూట్రల్‌లో ఇంజను నడుస్తుండగా హ్యాండిల్ ఆ చివర నుంచి ఈ చివరికి తిప్పాలి. ఇంజను చప్పుడు రవ్వంత పెరిగినా పొడవు కేబుల్ వేయాల్సిందే. క్లచ్ కేబుల్, ముందు బ్రేకు హోసు, వైర్లు కూడా అలాగే చూడాలి. మొదటి రైడు బండి విప్పినవాడే చేయాలి. కొంత దూరం నడిపాక నట్లన్నీ మళ్లీ బిగించాలి.

ఫ్రేమ్ మాత్రం కొయ్యకండి. ఆర్‌సీలో ఉన్న వివరాలకు తేడా వచ్చేలా బండి మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది. 2019లో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. పని మొదలుపెట్టే ముందే ఆర్‌టీఓ ఆఫీసులో అడగండి. పాత సామాన్లు పారేయకండి, నావి అటక మీదే ఉన్నాయి.

వాడి సిమెంటు కట్టు విప్పేశారు. మొన్న వీడియో కాల్‌లో బండి స్టార్ట్ చేసి, హ్యాండిల్ అటూ ఇటూ తిప్పి, "చప్పుడు మారలేదు కదా మామా, పోనా?" అని అడిగాడు. పోరా అన్నాను. ఉంటాను మరి.