ఆదివారం కొండ

నేనుండేది కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో. మావారు పోయాక గడప దాటని నన్ను బయటికి లాగింది మా కుక్క రాణీయే. దానికి నడక కావాలి, ఊరి పక్కనే మిషన్ పీక్ కొండ ఉంది. ఎత్తు 2,517 అడుగులు, దారిలో నీడ తక్కువ. ఆదివారాలు పదిమంది ఆడవాళ్లం, నాలుగు కుక్కలతో ఎక్కుతాం. గడ్డిలో తోకతో గలగలమనిపించే విషప్పాములుంటాయి, అందుకే కుక్కల గొలుసు వదలం. మొదటిరోజు సగంలోనే కూలబడ్డాను. ముందు వెళ్లినవాళ్లు దిగొచ్చి పక్కన కూర్చున్నారు, ఒక్కరూ తొందరపెట్టలేదు. ఇప్పుడు పైన పులిహోర పొట్లాలు నావే. రాణీకి పెట్టను లెండి, ఆవ ఘాటు!

రేపు ఉదయం ఆరింటికి బడి గేటు దగ్గరుంటాను. అప్పట్లో మన ఆడపిల్లల్ని వెళ్లనివ్వని చెరువుగట్టు దాకా నడుద్దాం. మోకాళ్ల నొప్పులున్నవాళ్లూ రండి, ఆగుతాం.